ఎండల్లో పెళ్లి లైవ్: యూనిట్ వేడెక్కకుండా, మధ్యలో ఆగకుండా

జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం రెండోసారి రాదు. తలంబ్రాల్లో నాలుగు షాట్లు తప్పినా, విందు దగ్గర కెమెరా ఆలస్యంగా చేరినా పెళ్లివారు సర్దుకుంటారు. ఆ ఒక్క నిమిషంలో లైవ్ తెర నల్లబడితే మాత్రం స్టూడియోవాళ్ల దగ్గర జవాబు ఉండదు. వేసవిలో ఇక్కడ ఉదయం పదిన్నర అయితే డాలస్‌లో రాత్రి పన్నెండు. సెలవు దొరకని అన్న, వీసా చిక్కుల్లో పడి రాలేకపోయిన ఆడపడుచు, మోకాళ్ల నొప్పులతో ఊరు కదల్లేని నాయనమ్మ ఆ లింక్ తెరుచుకుని కూర్చుంటారు. వాళ్లు చూసే పెళ్లి అదే. ఆల్బమ్‌తో పాటు కొసరుగా ఇచ్చే సరుకులా లైవ్‌ను చూడకూడదు. ఒప్పుకున్నామంటే మాట ఇచ్చినట్టే.

లైవ్ ఆగిందంటే అందరి నోటా మొదట వచ్చేది ‘నెట్ పోయింది’ అన్న మాట. ఒక్కోసారి నెట్ నిక్షేపంగానే ఉంటుంది. వేడికి కెమెరా తనంతట తానే ఆఫ్ అయి ఉంటుంది. లేదా ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుని ఫ్రేములు వదిలేస్తుంటుంది. లేదా హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్ ఇక నావల్ల కాదని మొండికేసి ఉంటుంది. మన దగ్గర పెళ్లిళ్ల సీజనూ ఎండల సీజనూ కలిసే వస్తాయి. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు సరిగ్గా ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పడతాయి. దానికి ముందే శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది, ఊరూరా రామాలయాల పందిళ్లలోనూ ఆ వేళకే. ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట కాబట్టి అక్కడ కెమెరాలకు కొంత నయం.

అంకెలు ఒకసారి చూసుకుందాం. సోనీ, కానన్ మిర్రర్‌లెస్ కెమెరాల మాన్యువల్‌లో పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకు అని ఉంటుంది. ఐఫోన్‌కూ మ్యాక్‌బుక్‌కూ యాపిల్ చెప్పే గీత 35 డిగ్రీలే. లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. ఖమ్మం, రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో 44, 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పైగా వాతావరణ శాఖ చెప్పే అంకె గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో కొలిచింది. రేకుల షెడ్డు కింద, జనం కిక్కిరిసిన పందిట్లో గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది. అంటే స్విచ్ వేయకముందే గీత దాటేశాం. దాటినంత మాత్రాన ఏదీ కాలిపోదు. కానీ ఏసీ హాల్లో పెళ్లంతా నిలబడిన కెమెరా ఇక్కడ సగం తంతు కాకుండానే థర్మామీటర్ గుర్తు చూపించవచ్చు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. చల్లబరిచే సామాను కొనే ముందు, వేడి పుట్టడం తగ్గించండి. తర్వాత, పుట్టిన వేడి బయటికి పోయే దారి చూడండి. ఫ్యాన్లూ కూలర్లూ ఆ రెండూ అయ్యాకే.

వేడి పుట్టేది ఎక్కడ

ప్లగ్గులోంచి తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌ను నడిపే గేమింగ్ ల్యాప్‌టాప్, స్విచర్, ఒకటో రెండో మానిటర్లు, రూటర్, మూడు కెమెరాల అడాప్టర్లు కలిపితే చిన్న యూనిట్ కూడా 200 వాట్లకు అటూఇటూ తీసుకుంటుంది. టేబుల్ చుట్టూ నేలదాకా గుడ్డ కట్టి వీటన్నింటినీ అందులో పెట్టడమంటే, వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బులు రెండు లోపల వెలిగించి మూత పెట్టడమే.

మొదట తగ్గించాల్సింది సైజు. పెళ్లికి 4కే లైవ్ అక్కర్లేదని నా నిశ్చితాభిప్రాయం. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లలో చూస్తారు, టీవీలో చూసినా 1080 చక్కగా కనిపిస్తుంది. 4కే పెట్టగానే కెమెరా సెన్సార్ మీద, ల్యాప్‌టాప్ మీద, నెట్ మీద ఒకేసారి భారం పెరుగుతుంది. ఫ్రేములు 25 చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే డెకరేషన్ లైట్ల కింద మినుకుమినుకు కూడా తగ్గుతుంది. బిట్‌రేట్ 5, 6 ఎంబీపీఎస్ పెట్టి, అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు ఉండేలా చూసుకుంటే పెళ్లి లైవ్ హాయిగా నడుస్తుంది.

తర్వాత ల్యాప్‌టాప్. ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 అని ఉంటే వీడియో నలగ్గొట్టే పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఎన్‌వీడియా కార్డు ఉంటే ఎన్‌వెంక్‌కు, ఇంటెల్ చిప్ అయితే క్విక్‌సింక్‌కు మార్చండి. ఆ పని కోసమే చిప్పులో ఉన్న ప్రత్యేక భాగం దాన్ని తక్కువ కరెంటుతో చేసేస్తుంది. ఫ్యాన్ గోల తగ్గడం చెవులకే తెలుస్తుంది. లైవ్‌నీ రికార్డింగ్‌నీ వేర్వేరు ఎన్‌కోడర్లతో నడపకుండా, రికార్డింగ్‌కు కూడా స్ట్రీమ్ ఎన్‌కోడర్‌నే ఇవ్వండి. బ్రౌజర్‌లో తెరిచి ఉంచిన ట్యాబులు మూసేయండి. పూలు రాలుతూ పేర్లు ఎగిరే యానిమేషన్ టైటిల్ ఏడెనిమిది గంటలూ తిరుగుతూ ఉండాల్సిన పని లేదు. మొదట్లో వేసి, తర్వాత పేర్లతో ఉన్న మామూలు బొమ్మ పెట్టుకుంటే చాలు.

అసలు ఆగుతున్నది వేడి వల్లనా, నెట్ వల్లనా అన్నది ఓబీఎస్సే చెబుతుంది. స్టాట్స్ అనే కిటికీ తెరిచి పక్కన పెట్టుకోండి. అందులో మూడు లెక్కలు ఉంటాయి. నెట్‌వర్క్ వల్ల పోయిన ఫ్రేములు పెరుగుతుంటే సిమ్ మార్చాలి, బిట్‌రేట్ తగ్గించాలి. ఎన్‌కోడింగ్ దగ్గర వదిలేసినవి పెరుగుతుంటే, లేదా రెండరింగ్ దగ్గర తప్పినవి పెరుగుతుంటే తప్పు నెట్‌ది కాదు, ల్యాప్‌టాప్‌ది. పొద్దున్నంతా సున్నా దగ్గరున్న లెక్క పన్నెండు దాటాక పెరగడం మొదలైందంటే మొదట అనుమానించాల్సింది వేడినే. పక్కనే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసుకోవచ్చు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులు 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. 90 దాటి అక్కడే నిలబడితే ఏదో ఒక భారం దించే సమయం వచ్చినట్టు. ఈ మూడు లెక్కలు చదవడం వచ్చిన కుర్రాడు యూనిట్‌లో ఒక్కడున్నా, నెట్ కంపెనీకి ఫోన్లు చేస్తూ ముహూర్తం పోగొట్టుకునే పరిస్థితి రాదు.

ఇక కెమెరాలు. ఇప్పుడు పెళ్లిళ్లకు వాడే మిర్రర్‌లెస్ బాడీల్లో చాలావరకు ముందు ఫొటోల కోసం, ఆ తర్వాత వీడియో కోసం తయారైనవి. చిన్న బాడీ, వాన చుక్క దిగకుండా బిగించిన సీళ్లు, లోపల ఫ్యాన్ ఉండదు. వేడి బాడీ మీదుగానే బయటికి రావాలి. 2020లో కానన్ ఆర్5 వచ్చినప్పుడు, 23 డిగ్రీల గదిలో 8కే రికార్డింగ్ సుమారు 20 నిమిషాలేనని కంపెనీయే ప్రకటించింది. మన పందిట్లో 23 డిగ్రీలు ఎక్కడివి? పానసోనిక్ ఎస్1హెచ్, సోనీ ఎఫ్‌ఎక్స్3 లాంటి బాడీల్లో ఫ్యాన్ ఉంటుంది కాబట్టి గంటల తరబడి నడుస్తాయి. అవి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న కెమెరాతోనే చేయగలిగినవి చాలా ఉన్నాయి.

లైవ్ కెమెరాకు డమ్మీ బ్యాటరీ వేసి అడాప్టర్ మీద నడపండి. యూఎస్‌బీ ఛార్జింగ్ పెట్టి నడిపితే బ్యాటరీ ఛార్జ్ అయ్యే వేడి కూడా బాడీలోనే పుడుతుంది. వెనక స్క్రీన్‌ను బాడీకి అంటించి ఉంచకుండా పక్కకు తిప్పి పెడితే ఆ వెనక భాగం నుంచి వేడి బయటికి పోతుంది. స్టాండ్ మీదున్న కెమెరాలో స్టెడీషాట్ ఆపేయండి, కదలని కెమెరాలో అది అనవసరంగా పని చేస్తుంటుంది. కార్డులో 4కే రికార్డింగ్, హెచ్‌డీఎంఐలో లైవ్ రెండూ ఒకే కెమెరాతో చేయించకండి. బ్యాకప్ రికార్డింగ్ స్విచర్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకోవచ్చు, అటెమ్ మినీ ప్రో అయితే నేరుగా ఎస్‌ఎస్‌డీలోకి రికార్డ్ చేస్తుంది. సోనీ మెనూలో ‘ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్’ అనే సెట్టింగ్ స్టాండర్డ్‌లో ఉంటే హై చేయండి. దానివల్ల కెమెరా ఇంకాస్త వేడి ఓర్చుకుని ఆగకుండా నడుస్తుంది. అయితే బాడీ చేయి పెట్టలేనంత కాగుతుంది కాబట్టి హై పెట్టిన కెమెరా స్టాండ్ మీదే ఉండాలి, చేత్తో పట్టుకుని తీసే కుర్రాడికి ఇవ్వకూడదు. అలాగే, ఏ బటనూ నొక్కకపోతే నిద్రపోయే పవర్ సేవింగ్‌ను ఆపేయడం మరచిపోవద్దు. అలా నిద్రపోయిన కెమెరాను చూసి వేడెక్కిందని పొరబడేవాళ్లున్నారు.

చాలామంది స్టూడియోలవాళ్లు సోనీ ఎంసీ 2500 లాంటి పాత భుజం కెమెరాలను అటక ఎక్కించేశారు, కొందరు అయినకాడికి అమ్మేశారు. అమ్మనివాళ్లు దాన్ని దించి తుడుచుకోండి. వెనక మెత్తటి మసక రాకపోవచ్చు గానీ, వీడియో కోసమే పుట్టిన పెద్ద బాడీ కాబట్టి మండపం మొత్తం కనిపించే వైడ్ షాట్‌కు రోజంతా అలా నిలబడుతుంది. మిగతా రెండు కెమెరాలు వేడెక్కి ఆగినా ఇది ఒక్కటి ఉంటే లైవ్ ఆగదు.

టేబుల్ ఎక్కడ వేయాలి

లైవ్ టేబుల్‌కు పందిట్లో ఎవరూ మంచి చోటు ఇవ్వరు. మండపం వెనకో, ఎల్‌ఈడీ తెర వెనకో, జనరేటర్ తీగలు వచ్చే మూలో చూపిస్తారు. ఎల్‌ఈడీ తెర వెనక వద్దు. ఆ ప్యానెళ్ల వేడి అంతా వెనక వైపుకే వస్తుంది. డెకరేషన్ ఫోకస్ లైట్ల కింద కూడా వద్దు. ముందు రోజు సాయంత్రమే వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండ ఎటు నుంచి పడుతుందో అంచనా వేసుకుని చోటు అడగండి. పొద్దున ఆరింటికి నీడలో ఉన్న టేబుల్ పదకొండింటికి ఎండలోకి వచ్చేస్తుంది.

డెకరేషన్ సూపర్‌వైజర్ వచ్చి ‘అన్నా, వైర్లు కనపడకుండా చుట్టూ గుడ్డ కట్టేస్తా’ అంటాడు. అతని పని అతను చేస్తున్నాడు. ‘తమ్ముడూ, జనం వైపు కట్టుకో, వెనకా పక్కలూ వదిలెయ్, లోపల మిషన్లకు గాలి ఆడాలి’ అని ముందే చెబితే వింటాడు. కట్టేశాక కత్తెర పట్టుకుంటే గొడవ అవుతుంది. టేబుల్ పైన పరిచే మఖ్‌మల్ గుడ్డ కూడా ల్యాప్‌టాప్‌కు శత్రువే, ఎందుకంటే చాలా ల్యాప్‌టాప్‌లు గాలి పీల్చేది అడుగు నుంచి. కింద అట్ట పెట్టినా, రెండు చెక్క ముక్కల మీద ఎత్తి పెట్టినా సరిపోతుంది. అడాప్టర్లను ఒకదానిమీద ఒకటి పేర్చకండి. హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డులు, ముఖ్యంగా వేలెడంత ఉండేవి, త్వరగా కాగుతాయి. వాటిని ల్యాప్‌టాప్‌కు అంటించి గుచ్చకుండా చిన్న యూఎస్‌బీ తీగతో గాలిలో ఉండేలా పెట్టండి. స్విచర్ మీద ఫోను, పర్సు, పెళ్లి శుభలేఖ పెట్టే అలవాటు మానాలి. ఆ పెట్టె వేడి బయటికి పోవడానికి దారి ఉండాలి.

ఎండలో ఉన్న కెమెరాకు గొడుగు తప్పనిసరి. దీని వెనక లెక్క చిన్నదే. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి తెస్తుంది. 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న నల్లటి బాడీ మీద నిట్టనిలువుగా పడితే అది 15 వాట్ల దాకా అవుతుంది. మిర్రర్‌లెస్ కెమెరా వీడియో తీస్తూ తాను ఖర్చు చేసేది సాధారణంగా 10 వాట్ల లోపే. అంటే ఎండ, కెమెరా తనంతట తాను పుట్టించే వేడికన్నా ఎక్కువ వేడిని పైనుంచి పోస్తోంది. ఎదురుకోలు, ఊరేగింపు, నవమి పందిరి అంచున పెట్టే క్రేన్ కెమెరా, వీటన్నిటికీ తెల్ల గొడుగు కట్టండి. గొడుగు లేకపోతే తెల్ల గుడ్డ, అది కూడా బాడీకి తగలకుండా పైన పందిరిలా. నేరుగా బాడీ మీద తడిగుడ్డ చుట్టేవాళ్లను చూశాను, అది ప్రమాదం.

ఫోన్లు, హాట్‌స్పాట్లు

చిన్న ఊళ్లలో చాలా లైవ్‌లు ఫోన్ నెట్ మీదే నడుస్తాయి. ఒకే ఫోన్‌ను హాట్‌స్పాట్ పెట్టి, ఛార్జింగ్ గుచ్చి, ఎండలో కుర్చీ మీద వదిలేయడం కన్నా చెడ్డ ఏర్పాటు లేదు. రేడియో వేడి, ఛార్జింగ్ వేడి, ఎండ వేడి మూడూ కలుస్తాయి. ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, తర్వాత నెట్ వేగం పడిపోతుంది. ఆ ఫోన్‌ను కవర్ తీసేసి, నిండా ఛార్జ్ చేసి తెచ్చి, నీడలో, గాలి తగిలే చోట, వీలైతే ఎత్తున కట్టండి. ఎత్తున ఉంటే సిగ్నలూ బాగుంటుంది. సిమ్ వేసే 4జీ, 5జీ రూటర్ విడిగా ఉంటే ఇంకా మంచిది. బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీద నడవనిచ్చే రకమైతే బ్యాటరీ తీసేసే నడపండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు తప్పనిసరి.

డ్రోన్ గురించి ఒక మాట. డీజేఐ మినీ, మావిక్ రకాలకూ 40 డిగ్రీలే హద్దు. మధ్యాహ్నం ఎగరేసి దించిన బ్యాటరీని వెంటనే ఛార్జర్‌లో పెట్టకండి, చల్లారనివ్వండి. మూసిన కారులో ఏ బ్యాటరీనీ వదలకండి.

ఫ్యాన్, కూలర్, ఏసీ

గాలి తగిలించడం మంచిదే, ఏ వైపు నుంచి అన్నది చూసుకోవాలి. ల్యాప్‌టాప్ వేడి గాలి వదిలే రంధ్రానికి ఎదురుగా పెడస్టల్ ఫ్యాన్ పెడితే ఆ వేడిని తిరిగి లోపలికే తోస్తాం. వేడి గాలి పోయే దిశలోనే ఫ్యాన్ గాలి కూడా సాగాలి. మండపం దగ్గర మైకు ఉంటే ఫ్యాన్ హోరు అందులో పడకుండా చూడండి.

నీళ్ల కూలర్ సంగతి ప్రాంతాన్ని బట్టి. ఖమ్మం, నిజామాబాద్ లాంటి పొడి వేడిలో అది గాలిని బాగా చల్లబరుస్తుంది. కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో అదే కూలర్ చెమ్మ పెంచడమే తప్ప పెద్దగా ఒరగబెట్టేది లేదు. ఎక్కడైనా సరే దాన్ని మనుషుల వైపు తిప్పండి, మిషన్ల వైపు కాదు. కూలర్‌లోంచి తుంపర ఎగిరితే బోర్డుల మీద పడుతుంది. ఐసు ముక్కలు, ఫ్రిజ్‌లో పెట్టిన జెల్ ప్యాకులు కెమెరాకు ఆనించడం అసలే వద్దు. చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీళ్లై చేరుతుంది, బయటే కాదు, లోపల కూడా.

ఈ తేమ సంగతి కోస్తావాళ్లకు బాగా తెలుసు. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను పొద్దున్నే పందిట్లో బ్యాగులోంచి తీయగానే లెన్సు మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంటో ముప్పావుగంటో బయట పెట్టి, సామాను బయటి వేడికి అలవాటు పడ్డాకే తెరవాలి. తుడిచి తుడిచి లెన్సు పాడుచేసుకోవద్దు, ఆగితే అదే పోతుంది.

హోమం పొగ గురించి ఎవరూ మాట్లాడరు. సీజన్ అయ్యాక లైవ్ ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూడండి. ఫ్యాన్ రెక్కల అంచున నల్లగా, వేలితో ముట్టుకుంటే జిగురుగా అంటే పొర ఉంటుంది, నేతి వాసన కూడా వస్తుంది. దాని మీద ధూళి, పసుపు అతుక్కుని రాగి గొట్టం పక్కనున్న సన్నటి రేకుల మధ్య చిన్న దుప్పటిలా తయారవుతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఆ రేకుల్లోంచి పోదు. తలంబ్రాల బియ్యపు గింజ ఒకటి లోపల దొరికినా ఆశ్చర్యం లేదు. టేబుల్‌ను హోమగుండానికి గాలివాలున కాకుండా వేయడం, తలంబ్రాల వేళ ల్యాప్‌టాప్ పక్క రంధ్రాలకు గింజలు చేరకుండా అడ్డు పెట్టడం, వారానికోసారి బ్లోయర్ కొట్టడం, ఇంతే చేయాల్సింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో తిరగకుండా ఆపాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. జిగురు పొరకు బ్లోయర్ చాలదు, మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి.

కరెంటు వైపు నుంచి వచ్చే వేడి

చవకరకం ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ ఇస్తుంది. దాని మీద అడాప్టర్లు గుర్రుమంటాయి, మామూలుకన్నా వేడెక్కుతాయి. యూనిట్ కోసం కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. జనరేటర్ మీద ఏసీలు, జంబో కూలర్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు వోల్టేజి తూలుతుంది, అందుకని జనరేటర్‌కూ మన యూనిట్‌కూ మధ్య యూపీఎస్ ఉండాలి. యూపీఎస్ గంటల తరబడి నడపడానికి కాదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు నిలబెడితే దాని పని అయినట్టే. వోల్టేజి తూగును అందరికన్నా ముందు పసిగట్టేది ఎలక్ట్రీషియన్ కాబట్టి, ‘బాబాయ్, కూలర్లు లేని లైను ఒకటి మాకివ్వు’ అని పొద్దున్నే అడిగి తీసుకోండి.

చుట్టచుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగ మీద లోడు వేస్తే చుట్ట మధ్యలో వేడి పేరుకుంటుంది. మిగిలిన తీగను వదులుగా పరిచేయండి. జంక్షన్ బాక్సులో ఏ ప్లగ్గయినా చేతికి వేడిగా తగిలితే లోపల పట్టు వదులైందని అర్థం, దాన్ని ఆ రోజే మార్చాలి.

ముందు రోజు, ఆ రోజు

కొత్త యూనిట్‌ను కానీ, కొత్త కెమెరాను కానీ నేరుగా పెళ్లికి తీసుకెళ్లకండి. ఏసీ లేని గదిలో, మధ్యాహ్నం పన్నెండు, నాలుగు మధ్య వేళ కూడా అందులో పడేలా, అన్నీ కలిపి, అదే సెట్టింగులతో, పెళ్లికి ఎంతసేపు నడపాలో అంతసేపు నడపండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లింక్ పెట్టి నిజంగానే లైవ్ ఇవ్వండి. ఏ కెమెరా ఎంతసేపటికి హెచ్చరిక చూపించిందో ఒక టేపు ముక్క మీద రాసి దానికే అతికించండి. పెళ్లిలో ఏ కెమెరాను ఎప్పుడు విశ్రాంతికి పంపాలో ఆ టేపే చెబుతుంది. ఛానల్ కొత్తదైతే లైవ్ అనుమతి రావడానికి 24 గంటలదాకా పట్టవచ్చు, అది ముందే చేసి ఉంచుకోవాలి. యూట్యూబ్ లైవ్ సెట్టింగుల్లో ఆటో స్టాప్ ఆన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ ఆగగానే లైవ్ ముగిసిపోతుంది. దాన్ని ఆఫ్ చేస్తే, ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేసి అదే కీతో పంపగానే అదే లింకులో కొనసాగుతుంది. ఊళ్లో నాయనమ్మకు కొత్త లింకు వాట్సాప్‌లో వెతుక్కునే అవస్థ తప్పుతుంది. లైవ్ మొత్తం 12 గంటలు దాటితే పూర్తి వీడియో యూట్యూబ్‌లో మిగలదు. కాబట్టి రాత్రి ముహూర్తానికి పొద్దుటి స్నాతకం నుంచే ఒకే లైవ్ లాగకుండా రెండుగా విడగొట్టండి.

పెళ్లి తంతులో కెమెరాలకు విశ్రాంతి దొరికే చోట్లు చాలానే ఉన్నాయి. గౌరీపూజ గదిలో జరుగుతున్నప్పుడు మండపం క్లోజప్ కెమెరా ఆపేయవచ్చు. వరపూజకూ కన్యాదానానికీ మధ్య దొరికే వ్యవధిలో ఇంకోదాన్ని ఆపవచ్చు. వైడ్ కెమెరా ఒక్కటీ నడుస్తుంటే లైవ్ సాగుతూనే ఉంటుంది. ముహూర్తానికి అరగంట ముందు అన్ని కెమెరాలూ చల్లగా, సిద్ధంగా ఉండేలా లెక్క వేసుకోవాలి. పురోహితుల వారి దగ్గరికి వెళ్లి ‘పంతులుగారూ, జీలకర్ర బెల్లానికి పావుగంట ముందు మాకొక మాట చెప్పించండి’ అని వినయంగా అడిగితే ఎవరూ కాదనరు. అప్పుడు అందరూ టేబుల్ మీదికి పరుగెత్తనక్కర్లేదు. ఒక కుర్రాడు మాత్రం వేరే సిమ్ ఉన్న ఫోన్‌లో లైవ్ చూస్తూ కూర్చోవాలి, ఎందుకంటే మన మానిటర్లో బాగున్నది బయటికి బాగానే వెళ్తోందని నమ్మకం లేదు.

ఆ కుర్రాడి సంగతీ చూడండి. మిషన్లకు నీడ అడిగి, మనుషులను ఎండలో నిలబెట్టే యూనిట్లు ఉన్నాయి. క్రేన్ దగ్గరున్నవాడికి గంటకోసారి మార్పు, టేబుల్ కింద మంచినీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బిల్లులో రాయాల్సిన ఖర్చే. పెళ్లివారితో ఒప్పందం రాసుకునేటప్పుడు రేటుతో పాటు నీడ ఉన్న టేబుల్, విడి కరెంటు లైను, కెమెరా దగ్గర గొడుగు కూడా రాయించండి. అవి అడిగినందుకు బేరం పోదు, పైగా పని తెలిసినవాళ్లన్న నమ్మకం కలుగుతుంది.

గుళ్లలో, చర్చిల్లో శాశ్వతంగా పెట్టించుకున్న యూనిట్లకు జబ్బు వేరు. దొంగల భయంతో వాటిని తాళం వేసిన అద్దాల బీరువాలో పెడతారు. వారం వారం ఆరాధన లైవ్, రోజూ అభిషేకం లైవ్ అక్కడి నుంచే. లోపలికి గాలి రావడానికి అడుగున, వేడి పోవడానికి పైన జల్లెడ రేకు బిగించిన రంధ్రాలు పెట్టించి, పైదానికి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయిస్తే తాళానికి ఏ ఇబ్బందీ ఉండదు. లైవ్ లేనప్పుడు ఎన్‌కోడర్‌నూ మానిటర్‌నూ ఆఫ్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ నెల యూనిట్ సర్వీసుకే కేటాయించండి. ల్యాప్‌టాప్ విప్పించి ఫ్యాన్లు, రేకులు శుభ్రం చేయించి, కొన్నేళ్లు గడిచినదైతే థర్మల్ పేస్టు మార్పించండి. యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షును కంపెనీలు 25 డిగ్రీల దగ్గర లెక్కగడతాయి. దానిమీద పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఆ రంగంలో అందరూ పాటించే లెక్క. కాబట్టి బ్యాటరీ మీద కొన్న తేదీ రాసిపెట్టి, ఏటా ఆషాఢంలో యూనిట్ మొత్తం తగిలించి ప్లగ్గు పీకి, ఎన్ని నిమిషాలు నిలబడిందో చూసి, నిరుటికన్నా సగం పడిపోతే శ్రావణ ముహూర్తాలకు ముందే మార్చేయండి.